ఒక్కరే యున్న కంపెనీకి పుస్తకమే సాక్షి



గృహిణులకు నిత్యము తటస్థించు వ్యవహారములను గూర్చి ఈ శీర్షికక్రింద మేము ప్రతిమాసమును వ్రాయుచున్నాము. ఈ మాసమున మాకు చేరిన జాబులలో మూడు ఒకే విషయమును గూర్చినవి. ఒకటి తెనాలినుండియు, ఒకటి బాపట్లనుండియు, ఒకటి రేపల్లెనుండియు వచ్చినవి. ఈ మువ్వురు సోదరీమణులకును ఒండొరుల పరిచయము లేదు. అయినను బాపట్లమీదుగా వచ్చు రైలును, రేపల్లెకు పోవు రైలును తెనాలి జంక్షనులో కలిసికొనునట్లు, ఈ మూడు జాబులును ఒక్క ప్రశ్నయొద్ద కలిసికొనుచున్నవి. ఒక్కరే యజమానిగా నున్న కంపెనీకి ఇన్ని పుస్తకములును, ఇన్ని సంతకములును ఏల? ఈ ప్రశ్నకే ఈ నెల సమాధానము వ్రాయుచున్నాము. జాబులు వ్రాసినవారి పేరులను గాని, వారి కంపెనీల పేరులను గాని వెల్లడించుట మా పద్ధతి కాదు.

ముందుగా ఈ కంపెనీ యెట్టిదో చెప్పుదుము. మన దేశమున 1956 నాటి కంపెనీల చట్టము ప్రకారము ఎంత చిన్న ప్రైవేటు కంపెనీకైనను ఇద్దఱు వాటాదారులు ఉండితీరవలెను. వ్యాపారము తానొక్కడే చేయువాడు ఆ రెండవ పేరునకై ఎక్కడికి పోవును? భార్య పేర ఒకటో రెండో వాటాలు వ్రాయించి, వంటయింటి గడపయొద్దకే కాగితము తెచ్చి, ఇక్కడ సంతకము చేయుమనెడివాడు. ఆమె చేతులు తుడుచుకొని సంతకము చేసెడిది. అది యేమని అడిగినవారు తక్కువ. చెప్పినవారు అంతకన్నను తక్కువ. 2005లో జె. జె. ఇరానీ అధ్యక్షతను కూడిన సంఘము, ఒక్క వ్యక్తియే కంపెనీ స్థాపించుకొనుటకు వీలు కల్పింపవలెనని సిఫారసు చేసెను. 2013 కంపెనీల చట్టములో ఆ వీలు చేరి, 2014 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. దీనినే వన్ పర్సన్ కంపెనీ యందురు. దీనిలో వాటాదారు ఒక్కరే. ఆ ఒక్కరికి మరణము గాని, వ్యవహారము జరుపలేని స్థితి గాని సంభవించినచో వాటాదారు కావలసినవారు ఇంకొకరు ఉందురు. వారిని నామినీ యందురు. నామినీ వ్రాతపూర్వకముగ సమ్మతించిననే కాని కంపెనీ పుట్టదు.

ఇక తెనాలి సోదరి జాబు చూతము. ఈమె మినుములు ఆడించి, అప్పడములు, వడియములు చేయించి, నలుగురు స్త్రీలకు పని కల్పించుచున్నది. రెండేండ్ల క్రిందట ఒక్కరి కంపెనీ పెట్టినది. ఆమె యిట్లు వ్రాయుచున్నది: “డైరెక్టరును నేనే, వాటాదారును నేనే. నాలో నేను సభ జరుపుకొని, నేనే తీర్మానము చేసి, నేనే సంతకము పెట్టుట చూచి మా అత్తగారు నవ్వుచున్నారు. నాకును నవ్వే వచ్చుచున్నది. ఈ నాటకము మానరాదా?”

అమ్మా, మీ అత్తగారి నవ్వులో సగము న్యాయమున్నది. ఆ సగమును చట్టమే ఒప్పుకొన్నది. పెద్ద కంపెనీలు ఏటేట జరుపు వాటాదారుల సర్వసభ్య సమావేశము మీకు అక్కఱలేదు. డైరెక్టరు మీరొక్కరే యైనచో బోర్డు సభలు కూడ జరుపనక్కఱలేదు. ఇద్దఱు డైరెక్టరులున్నచో మాత్రము, సంవత్సరములో మొదటి అర్ధభాగమున ఒకటి, రెండవ అర్ధభాగమున ఒకటి చొప్పున బోర్డు సభ జరుగవలెను. ఒక సభకును మఱియొక సభకును నడుమ 90 దినములకు తక్కువ కారాదు. కాబట్టి ఖాళీ కుర్చీల యెదుట కూర్చుండి సభకు వందనములు చెప్పవలసిన పని మీకు లేదు.

అయితే మిగిలిన సగము మాటయేమి? చట్టములోని 122వ విభాగము ఇట్లు చెప్పుచున్నది. మీరు చేసిన తీర్మానమును మినిట్సు పుస్తకములో వ్రాసి, సంతకము చేసి, తేది వేయవలెను. ఆ తేదియే సభ జరిగిన తేదిగా ఎంచబడును. అనగా సభను మాఫీ చేసిన చట్టము పుస్తకమును మాఫీ చేయలేదు. ఎందువలన? నలుగురున్న చోట ఒకరు మరచినను మఱియొకరు సాక్ష్యము పలుకుదురు. ఒక్కరే యున్నచోట సాక్షి యెవరు? ఆ పుస్తకమే.

వ్రాయుట కష్టము కాదు. ఉదాహరణమునకు ఒక పద్దు ఇచ్చుచున్నాము: “తేది 10 జూను 2025. కంపెనీ ఏకైక డైరెక్టరుగా నేను చేసిన తీర్మానము: పిండి రుబ్బు యంత్రమొకటి 85,000 రూపాయలకు కంపెనీ పేర కొనవలెను. సొమ్ము కంపెనీ బ్యాంకు ఖాతానుండి చెల్లింపవలెను.” క్రింద సంతకము, తేది. ఇంతియే. మొదట తెలుగుననే వ్రాసికొనుడు. ఆడిటరు మఱియొక భాషలో కావలెనన్నచో అటుపిమ్మట మార్పించుకొనవచ్చును. పుటలకు వరుసగా అంకెలు వేయుడు. నడుమ ఖాళీ పుటలు వదలకుడు. తప్పు పడినచో ఒక్క గీత గీసి ప్రక్కన వ్రాయుడు గాని కాగితము చింపకుడు. మన తాతలు చిట్టాలో కొట్టివేతకు చేసిన కట్టుబాటే ఇదియు. కంప్యూటరులో లెక్కలు వ్రాయువారికి కూడ 2023 ఏప్రిలు 1వ తేదినుండి ఇదే కట్టుబాటు వచ్చినది. ఏ పద్దు ఎప్పుడు దిద్దబడినదో ఆనవాలు నిలుపు సాఫ్టువేరునే కంపెనీలు వాడవలెను.

ఒక్క మాట గుర్తుంచుకొనుడు. మీరు ఒక్కరేయైనను మీకు రెండు పీటలున్నవి. యంత్రము కొనుట, బ్యాంకు ఖాతా తెరచుట, అద్దె కుదుర్చుకొనుట డైరెక్టరు పీటమీద కూర్చుండి చేయు పనులు. కంపెనీ పేరు మార్చుట, దాని మూలపత్రములను సవరించుట వాటాదారు పీటమీద కూర్చుండి చేయు పనులు. ఏ పీటనుండి తీర్మానించితిరో పుస్తకములో స్పష్టముగ వ్రాయవలెను.

ఇది యంతయు వట్టి లాంఛనమని తలచువారికై రెండు కథలు చెప్పెదము. రెండును జరిగినవే. లండనులో ఆరన్ సాలమన్ అను పాదరక్షల వర్తకుడు 1892లో తన వ్యాపారమును ఒక కంపెనీగా మార్చెను. ఆ కాలపు చట్టమునకు ఏడుగురు కావలసి యుండగా, తన భార్యకు, కుమార్తెకు, నలుగురు కుమారులకు తలయొక్క వాటా ఇచ్చి, మొత్తము 20,007 వాటాలలో 20,001 తానే ఉంచుకొనెను. తాను అమ్మిన వ్యాపారపు ధరలో కొంత మొత్తమునకు కంపెనీ ఆస్తిపై హామీపత్రము కూడ వ్రాయించుకొనెను. కొద్దికాలములోనే కంపెనీ చితికిపోయినది. కంపెనీ వట్టి ముసుగనియు, అప్పులన్నియు సాలమనే తీర్పవలెననియు దావా నడచెను. క్రింది కోర్టులు ఔననినవి. 1896లో ప్రభువుల సభ కాదన్నది. చట్టప్రకారము పత్రములు వ్రాసి రిజిస్టరు చేసిన కంపెనీ వేఱు, దానిని పెట్టిన మనిషి వేఱు అని తీర్పు చెప్పినది. నేటికిని మన దేశపు కంపెనీ న్యాయమునకు ఆ తీర్పే పునాది.

రెండవ కథ న్యూజీలాండు దేశమున జరిగినది. జాఫ్రీ లీ అను విమాన చోదకుడు 1954లో ఒక కంపెనీ పెట్టెను. విమానమునుండి పొలములపై ఎరువు చల్లుట దాని పని. 3,000 వాటాలలో 2,999 అతనివే. కంపెనీని నడపువాడును అతడే. అయినను కంపెనీ నియమావళిలో, ఇతడు ఈ కంపెనీకి ముఖ్య విమాన చోదకుడుగా ఉద్యోగము చేయవలెనని ముందే వ్రాసియుంచిరి. 1956లో పనిచేయుచుండగా విమానము కూలి అతడు మరణించెను. పనిలో మరణించిన ఉద్యోగి కుటుంబమునకు రావలసిన పరిహారము తనకు ఇప్పింపుడని అతని భార్య కోరెను. యజమానియు, పనివాడును ఒక్కడే యెట్లగునని ఆ దేశపు అప్పీలు కోర్టు త్రోసివేసెను. 1960లో ప్రివీ కౌన్సిలు ఆ తీర్పును మార్చి, కంపెనీ వేఱు, లీ వేఱు, కావున అతడు కంపెనీకి ఉద్యోగి కావచ్చునని చెప్పి ఆమెకు పరిహారము దక్కించెను. సోదరీమణులారా, ఆ యిల్లాలి పక్షమున పలుకుటకు భర్త లేడు. అతడు ఉన్ననాడు వ్రాసియుంచిన కాగితము పలికినది.

ఇప్పుడు బాపట్ల సోదరి జాబు. ఈమె చీరాలనుండి చేనేత చీరలు తెప్పించి అమ్ముచుండును. ఇంటి ముందు గదియే కంపెనీ దుకాణము. ఆమె యిట్లు వ్రాసినది: “కంపెనీ నాదే కదా, అందువలన పిల్లవాని కాలేజీ రుసుమునకు సొరుగులోని సొమ్మే తీసి కట్టితిని. మొన్న ఆడిటరుగారు లెక్క చూచి, ఈ సొమ్ము ఏ పద్దున వ్రాయుదు నమ్మా అని తల పట్టుకొనిరి. నా సొమ్ము నేను తీసికొనుట తప్పా?”

అమ్మా, అది మీ సొమ్ము కాదు. మీ మనస్సునకు కష్టము కలిగినను ఈ మాట చెప్పకతప్పదు. కంపెనీ వాటా మీది. కంపెనీ సొరుగు కంపెనీది. తోడికోడలి బీరువాకు తాళము మన కొంగున ఉన్నంతమాత్రమున అందలి నగలు మనవి కావు గదా. వ్యాపారము నష్టపోయినపుడు కంపెనీ అప్పు మీ యింటిమీదికి రారాదని మీరు కోరుచున్నారు. ఆ కోరిక న్యాయమైనదే, చట్టము ఒప్పుకొన్నదే. కాని ఇంటి ఖర్చు కంపెనీమీదికి పోనీయరాదను నియమమునకు మీరు కట్టుబడిననాడే ఆ రక్షణ నిలుచును. రెండు సంచులను మీరే కలిపివేసి, అప్పులవాడు వచ్చిననాడు ఇవి రెండు సంచులని వాదించిన నమ్మువారెవరు? మోసమునకై కంపెనీ పేరు వాడుకొన్నచో న్యాయస్థానములు ఆ ముసుగును తొలగించి చూచును.

కంపెనీ సొమ్ము మీ యింటికి వచ్చుటకు మర్యాదగల త్రోవలు నాలుగున్నవి. మొదటిది జీతము. మీరు డైరెక్టరుగా పనిచేయుచున్నారు. నెలకింత యని తీర్మానము వ్రాసి, బ్యాంకుద్వారా తీసికొనుడు. రెండవది అద్దె. ఇంటి ముందు గది మీ పేర నున్నది గనుక దానిని కంపెనీకి అద్దెకు ఈయవచ్చును. మూడవది లాభాంశము. లాభమువచ్చిన సంవత్సరమున పన్ను పోగా మిగిలినదానిలో నియమప్రకారము పంచుకొనునది. నాలుగవది, మీరు కంపెనీకి అప్పు ఇచ్చియుండినచో దానిని తిరిగి తీసికొనుట. డైరెక్టరు కంపెనీకి అప్పిచ్చునపుడు, ఆ సొమ్ము తాను ఇతరులయొద్ద అప్పుతెచ్చినది కాదని వ్రాసి ఈయవలెను. ఈ కాగితము పదిలపఱచుడు. ఇవి గాక ఊరక తీసిన సొమ్ము కంపెనీ మీకిచ్చిన అప్పు క్రింద లెక్కకు వచ్చును. డైరెక్టరునకు కంపెనీ అప్పిచ్చుటను కంపెనీల చట్టము సులభముగ ఒప్పుకొనదు. ఇట్టి అప్పును లాభాంశముగా ఎంచి పన్ను వేయుటకు ఆదాయపు పన్ను చట్టము వీలు కల్పించుచున్నది. కాలేజీ రుసుమును మీ జీతము సొమ్ములోనుండియే కట్టుడు.

గది అద్దెను గూర్చి మఱియొక జాగ్రత్త. ఏకైక వాటాదారు తానే డైరెక్టరుగా ఉండి, తన కంపెనీతో తానే ఒప్పందము చేసికొనునపుడు చట్టము మఱింత కన్ను విప్పి చూచును. 193వ విభాగము ప్రకారము అట్టి ఒప్పందము వ్రాతలో నుండవలెను. నోటిమాటగా జరిగినచో దాని షరతులు పత్రములో గాని, వెంటనే వచ్చు మినిట్సులో గాని ఎక్కవలెను. ఆ తరువాత 15 దినములలోపల రిజిస్ట్రారునకు తెలుపవలెను. దినదినమును జరుగు మామూలు క్రయవిక్రయములకు ఈ నియమము లేదు. అద్దె సంగతి మామూలు వ్యాపారములోనిదా కాదా యని శంకించుట కన్న, పత్రము వ్రాసికొని ఆడిటరునకు చూపుట మేలు.

ఇంకొక సంగతి బాపట్ల సోదరి అడుగలేదుగాని మేము చెప్పుచున్నాము. బ్యాంకువారు కంపెనీకి అప్పిచ్చునపుడు చాలసార్లు యజమానురాలి స్వంత హామీని కూడ కోరుదురు. ఆ హామీపత్రమున సంతకము చేసినంతమేరకు కంపెనీ గోడ మీకు అడ్డుండదు. సంతకమునకు ముందు ఆ ఒక్క పుటను రెండుసార్లు చదువుడు.

మూడవ జాబు రేపల్లెనుండి వచ్చినది. దీనిని చదివి మేము చాలసేపు ఊరకుండిపోయితిమి. ఆమె భర్త రొయ్యల చెరువుల రైతులకు మేత, మందులు అమ్ముచు, ఒక్కరి కంపెనీ పెట్టియుండెను. ఆరు నెలల క్రిందట హఠాత్తుగ కాలము చేసెను. ఆమె వ్రాసిన మాటలివి: “నన్నేదో నామినీగా వేసితినని ఒకనాటి రాత్రి సంతకము పెట్టించుకొనిరి. పొయ్యిమీద పాలు పొంగుచుండగా సంతకము చేసి పోయితిని. ఇప్పుడు బ్యాంకులో సొమ్మున్నది గాని తీయువారు లేరు. మేత కంపెనీవారు ఇంత రావలెనందురు, రైతులు ఇచ్చివేసితిమందురు. పుస్తకము చూపుమన్న నాయొద్ద ఏ పుస్తకమును లేదు. అన్నియు ఆయన తలలోనే ఉండెను.”

తల్లీ, మీ దుఃఖమును మేము తీర్పలేము గాని, త్రోవ యొకటి చూపగలము. మీరు నామినీగా సమ్మతించియున్నారు కావున, మీ భర్త మరణముతో ఆ కంపెనీ వాటాదారు స్థానము మీకు వచ్చినది. మొదట కంపెనీ పుట్టుక సర్టిఫికెట్టును వెదకుడు. అది దొరకకున్నను భయపడకుడు. కేంద్ర ప్రభుత్వపు కంపెనీ వ్యవహారముల శాఖవారి వెబ్‌సైటులో కంపెనీ పేరునుబట్టి వివరములు కానవచ్చును. దాఖలైన పత్రములను రుసుము చెల్లించి చూడవచ్చును. రేపల్లె 2022 ఏప్రిలు 4వ తేదినుండి బాపట్ల జిల్లాలో చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. ఏ జిల్లాయైనను ఆంధ్రప్రదేశపు కంపెనీల రిజిస్ట్రారు కార్యాలయము విజయవాడలోనే కలదు.

తరువాత మరణ ధ్రువపత్రముతో మీరు వాటాదారు అయిన సంగతి కంపెనీ పక్షమున రిజిస్ట్రారునకు దాఖలు చేయింపుడు. వాటాదారు అయిన 15 దినములలోపల మీ తరువాత నామినీ యెవరో మీరును తెలుపవలెననియు, కంపెనీ 30 దినములలోపల ఆ మార్పులను దాఖలు చేయవలెననియు నియమము. ఆ గడువులు దాటిపోయినవి కావున ఆలస్యపు రుసుము తప్పదు. ఇంకను ఆలస్యము చేసిన అది పెరుగును గాని తరుగదు. మీ పెద్దమ్మాయికి ఇరువది యేండ్లని వ్రాసితిరి; ఆమె నామినీ కాదగును. మైనరు బిడ్డలు కారాదు. అటుపై వాటాదారు హోదాలో మిమ్ము మీరే డైరెక్టరుగా నియమించుకొని తీర్మానము వ్రాయుడు. దీనికి డైరెక్టరు గుర్తింపు సంఖ్యయు, డిజిటల్ సంతకమును కావలెను. ఆ తీర్మానపు ప్రతియే బ్యాంకు తలుపునకు తాళముచెవి.

అప్పుల మాటకు వత్తము. కంపెనీ పేర తీసికొన్న మేతకు కంపెనీ ఆస్తినుండియే చెల్లింపు. మీ స్వంత నగలు తెచ్చి ఇమ్మనుటకు ఎవరికిని హక్కు లేదు. మీ భర్త స్వంత హామీ వ్రాసియున్నచో ఆయన విడిచిన ఆస్తిమేరకు విచారణ యుండును. ఏది కంపెనీ బాకీ, ఏది స్వంత బాకీ యని తేల్చువఱకు ఏ కాగితముమీదను సంతకము చేయకుడు. బ్యాంకు ఖాతా వివరములు, మేత బిల్లులు, జి.ఎస్.టి. దాఖలాలు తెప్పించి, ఆడిటరును కూర్చుండబెట్టి లెక్క తిరుగ వ్రాయింపుడు. పోయిన పుస్తకము పూర్తిగా రాదు, కొంత వచ్చును. ఆయన పద్దులు వ్రాసియుంచినచో ఈ ఆరునెలల వేదనలో చాలభాగము మీకు తప్పియుండెడిది.

నామినీని గూర్చి ఇతర సోదరీమణులు కూడ రెండు సంగతులు తెలిసికొనవలెను. భారత పౌరులు మాత్రమే ఇట్టి కంపెనీ పెట్టుటకును, నామినీ యగుటకును తగుదురు. 2021 ఏప్రిలు 1వ తేదినుండి విదేశములలో నివసించు భారత పౌరులకు కూడ ఈ వీలు కలిగినది. అమెరికాలో ఉద్యోగము చేయు కుమారుడు భారత పౌరుడుగనే ఉన్నచో నామినీ కావచ్చును; ఆ దేశపు పౌరసత్వము స్వీకరించినచో కారాదు. రెండవది, నామినీ యగుటయే వారసత్వము కాదు. వాటాల నామినీకి వారసుల హక్కును త్రోసివేయు అధికారము లేదని సుప్రీము కోర్టు 2023లో తీర్పు చెప్పినది. కావున ఆస్తి ఎవరికి చెందవలెనో వీలునామా కూడ వ్రాసియుంచుట మంచిది.

ఇక ముగ్గురు సోదరీమణులకును, ఈ త్రోవన నడువదలచిన తక్కినవారికిని పనికివచ్చునట్లు సంవత్సరపు విధులను వరుసగా చెప్పుదుము.

కంపెనీ పుట్టిన 30 దినములలోపల మొదటి ఆడిటరును నియమింపవలెను. వ్యాపారమెంత చిన్నదైనను కంపెనీకి ఆడిటు తప్పదు. వాటా సొమ్మును నిజముగ కంపెనీ ఖాతాలో వేసి, 180 దినములలోపల వ్యాపారము మొదలిడుటకు ముందు ఆ మేరకు ప్రకటన దాఖలు చేయవలెను. 2018 నవంబరు 2 తరువాత పుట్టిన కంపెనీలకు ఇది విధి. మరచినచో కంపెనీకి జరిమానా పడును.

వాకిట కంపెనీ పేరు, చిరునామా గల పలక వ్రేలాడవలెను. ఇంగ్లీషున వ్రాయించినచో తెలుగులిపిలో కూడ ఉండవలెను. ఊరివారు చదువగల లిపి ఉండవలెనని చట్టమే చెప్పుచున్నది. పేరు క్రింద వన్ పర్సన్ కంపెనీ యను మాట కుండలీకరణములలో చేర్చవలెను. ఎదుటివాడు తాను ఎవరితో బేరమాడుచున్నాడో తెలిసికొనుటకై ఈ నియమము.

లెక్కలు జంటపద్దు విధానమున వ్రాయవలెను. వచ్చిన సొమ్మునే కాక రావలసినదానిని, ఇచ్చినదానినే కాక ఇయ్యవలసినదానిని కూడ చూపవలెను. ఈ లెక్కల పుస్తకములను, వాని బిల్లులను 8 సంవత్సరములు దాచవలెను. మినిట్సు పుస్తకమును, వాటాదారుల రిజిస్టరును కంపెనీ ఉన్నంతకాలము దాచవలెను. వాటాదారు ఒక్కరే కదా, రిజిస్టరు ఎందుకని అనకుడు. ఆ ఒక్క వరుసయే రేపు నామినీకి ఆధారము.

మార్చి 31న సంవత్సరము ముగిసిన తరువాత 180 దినములలోపల, అనగా సెప్టెంబరు 27 నాటికి, ఆడిటు అయిన లెక్కలను రిజిస్ట్రారునకు దాఖలు చేయవలెను. వాని వెనుక నవంబరు నెలలో వార్షిక వివరణ పత్రము దాఖలు కావలెను. దాని సరియైన తేదిని ఆడిటరునడిగి పంచాంగముమీద వ్రాసియుంచుడు. ఆలస్యమైనచో 2018 నుండి ఒక్కొక్క పత్రమునకు దినమునకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుచున్నది. రెండు పత్రములును ఏడాదిపాటు మరచినచో 73,000 రూపాయలు. ఎన్ని అప్పడములు చేసిన ఆ సొమ్ము వచ్చునో తెనాలి సోదరి లెక్క కట్టగలదు.

ఇంత భారము మాకెందుకని కొందఱు అడుగవచ్చును. ఆ ప్రశ్నయు మంచిదే. ఇరుగుపొరుగులకు మాత్రమే సరకమ్ముచు, అప్పులు చేయక, ఒక్కతెయే పనిచేయు సోదరికి కంపెనీ అక్కఱలేదు. తన పేరననే వ్యాపారము జరుపుకొనవచ్చును. అప్పు తెచ్చి యంత్రములు కొనువారికి, పెద్ద అంగళ్లకు సరకు పంపువారికి, తమ తరువాత వ్యాపారము నిలువవలెనని కోరువారికి కంపెనీ ఉపయోగపడును. ఆడిటరు రుసుమును, దాఖలు ఖర్చును ముందుగా అడిగి తెలిసికొని, పెట్టవలెనో వద్దో నిర్ణయించుకొనుడు. పెట్టినపిమ్మట మాత్రము పుస్తకమును మానకుడు.

మా సలహా యొక్కటి. నెలకొక సాయంకాలము ఇందులకై కేటాయింపుడు. పాలు, కిరాణా లెక్కలు చూచుకొను పూటనే కంపెనీ పుస్తకము తెరచి, ఆ నెలలో చేసిన నిర్ణయములు ఎక్కినవో లేదో చూచి, బ్యాంకు వివరముతో సరిపోల్చి, సంతకము చేయుడు. అరగంటకన్న ఎక్కువ పట్టదు. ఆ పెట్టె యెక్కడనున్నదో, ఆడిటరు ఎవరో, నామినీకి తప్పక చెప్పుడు. మీ పేరనే కంపెనీ యున్నచో మీ నామినీని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపుడు. మీ భర్తయో, కుమారుడో మిమ్ము నామినీగా వేసియున్నచో ఆ పుస్తకము తమకును చూపుమని అడుగుడు. ఇది అనుమానించుట కాదు. సంతకము చేసినవారికి చదువు హక్కు కలదు.

రేపల్లె సోదరి జాబు చివరను ఒక మాట వ్రాసినది. ఆడిటరుగారి సహాయమున లెక్క తిరుగ వ్రాయించి దుకాణము తానే నడుపవలెనని ఆమెకు ఆశయట. మొదటి తీర్మానము ఏమని వ్రాయవలెనని అడిగినది. అమ్మా, మొదట తేది వేయుడు. దాని క్రింద, “ఈ కంపెనీ డైరెక్టరుగా నన్ను నేను నియమించుకొనుచున్నాను” అని వ్రాసి, మీ పూర్తి పేరుతో సంతకము చేయుడు. పాలు పొయ్యిమీదనుండి దించిన తరువాతనే సుమా.